అనాథ చెరువు అడుగున దారి

వ్లాస్తా రొట్టెముక్కలకు పందికొవ్వు రాస్తోంది. అరవై అయ్యాయి, ఇంకో నలభై ఉన్నాయి. రాసిన ప్రతిదాని మీదా ఉల్లిపాయ చక్రాలు పరచాలి, పక్కన ఊరవేసిన దోసకాయ ముక్క పెట్టాలి, ఈగలు వాలకుండా తెల్లబట్ట కప్పాలి. అనాథ చెరువు గట్టు మీద ఓక్ చెట్ల కింద మడత బల్ల వేసి, మంచినీళ్ళ డబ్బాలు మోసి, పొద్దుటినుంచీ ఆమె ఒక్కతే ఈ పని చేస్తోంది. అవతల పట్నం కూడలిలో మైకు పట్టుకుని ఆమె మొగుడు ఓతకర్ మాట్లాడుతూ ఉంటాడు. అడవుల్లోంచి, చెరువుల మధ్యనుంచి కంకర దారుల్లో సైకిలు తొక్కేవాళ్ళ కోసం అతను పుస్తకం వేశాడు. పన్నెండు దారులు, పద్దెనిమిదేళ్ళ కష్టం. ఈ రోజు ముప్ఫైమంది తొమ్మిదో దారి తొక్కి ఆ పుస్తకాన్ని ఆవిష్కరిస్తున్నారు. వాళ్ళు ఈ గట్టు దగ్గరికొచ్చేసరికి ఆకలితో ఉంటారని, రొట్టెలు మెత్తబడకూడదని అతను రాత్రే రెండుసార్లు చెప్పాడు.

పద్దెనిమిదేళ్ళ కష్టం అన్న మాట మాత్రం నిజం. కాకపోతే అది ఎవరి కాళ్ళదన్నది ఆ పుస్తకంలో లేదు. ఓతకర్‌కు మోకాలు నొప్పి. దారి మొదట్లో ఆమెను కారులోంచి దింపి, దారి చివర ఏదో ఒక బీరు అంగట్లో కూర్చునేవాడు. ఆమె వచ్చాక, "ఎలా ఉంది? మర్చిపోకముందే రాసిపెట్టు" అనేవాడు. ఆమె రాసేది. ఎక్కడ ఇసుక చక్రాన్ని పట్టేస్తుంది, ఎక్కడ వాన వెలిశాక రెండు రోజులైనా బురద ఆరదు, ఏ ఇంటి కుక్క గొలుసు తెంచుకుంటుంది, చెట్లు నరికేవాళ్ళు దుంగలు ఎక్కడ అడ్డంగా పడేస్తారు, అన్నీ. ఏడు నోట్‌బుక్కులు నిండాయి. అచ్చయిన పుస్తకంలో మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది: "ఎంతో ఓపికతో సహకరించిన మా ఆవిడకు కృతజ్ఞతలు." మా ఆవిడకు పేరు లేదు. అచ్చుకు ముందు ఒకసారి చూస్తానని అడిగితే, వంటింటి చేతులతో పట్టుకుంటే కాగితాలు మరకలవుతాయన్నాడు.

అత్తగారు బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. "వాడి మోకాలు బాగుంటే నిన్నెందుకు పంపుతాడమ్మాయ్? ఆదివారం పూట ఇల్లొదిలి అడవులు పట్టుకు తిరిగే కోడలు ఈ ఊళ్ళో ఇంకెవరికైనా ఉందా?" వ్లాస్తా జవాబు చెప్పేది కాదు. జవాబు చెబితే ఆ ఆదివారాలు పోతాయేమోనని భయం. గ్రంథాలయంలో వారమంతా పై అధికారి కాఫీ దగ్గర్నుంచి అతని ఉత్తరాల దాకా చూసే మనిషికి, ఇంట్లో చొక్కాల దగ్గర్నుంచి చారు దాకా చూసే మనిషికి, ఆ మూడు గంటలే సొంతం. పైగా ఆ మూడు గంటల్లో పక్కన చెల్లెలు హేలెనా ఉండేది.

హేలెనా నాలుగేళ్ళు చిన్న. చేపపిల్లల్ని పెంచే తొట్ల దగ్గర పని చేసేది. రోజంతా చల్లటి నీళ్ళలో ఉండి చేతులు ఎర్రగా పగిలిపోయేవి. మొగుణ్ణి వదిలేసి హాయిగా ఉందని ఊరంతా చెప్పుకునేది కూడా ఆమె గురించే. ఆ మాట హేలెనా చెవిన పడితే, నిజమే కదా అని నవ్వేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ప్రతి దారీ కలిసే తొక్కారు. నోట్‌బుక్కులో దూరాలు హేలెనా చెప్పేది, వ్లాస్తా రాసేది.

చేపలు పట్టేశాక కొన్నేళ్ళకోసారి ఒక్కో చెరువును వేసవంతా ఎండగడతారు. అడుగు మట్టికి ఊపిరాడాలని ఓట్స్ గింజలు చల్లుతారు. నాలుగేళ్ళ కిందట ఆ వంతు అనాథ చెరువుది. ఆ వేసవిలో ఇద్దరూ గట్టు చుట్టూ తిరగకుండా, ట్రాక్టరు జాడ పట్టుకుని తిన్నగా చెరువు అడుగునుంచే తొక్కారు. అటూ ఇటూ నడుమెత్తు ఓట్స్ పైరు. మధ్యలో ఆగి, సైకిలు కిందపడేసి, హేలెనా తల వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూసింది.

"అక్కా, ఇప్పుడు మన తలల మీద చేపలు ఈదుతూ ఉండాలి కదా."

అప్పటికే దగ్గుతోంది. దుమ్ము అనుకున్నారు. మళ్ళీ వసంతానికి చెరువు నిండింది, హేలెనా లేదు. ఆమె సైకిలు మీదే వ్లాస్తా ఇప్పటికీ తొక్కుతోంది. సీటు ఒక వేలెడు ఎత్తు. దించడానికి మనసు రాలేదు.

తొమ్మిది దాటి పది, పదిన్నర అయింది. రావలసిన వాళ్ళు రాలేదు. పదకొండుకు అడవిలోంచి ముందుగా ఒక అమ్మాయి వచ్చింది, నడుం దాకా బురద, చేత్తో సైకిలు నడిపించుకుంటూ. పేరు ఇవెతా అంది. ఆ వెనక ఇంకొకతను మణికట్టు పట్టుకుని వచ్చాడు. దిగుడు దారిలో వేగంగా వచ్చి, రెల్లు చీల్చుకుని, నలుగురు నేరుగా నీళ్ళలోకి వెళ్ళారట. ఇవెతా తడిసిన పుస్తకం బల్ల మీద పెట్టి తొమ్మిదో దారి పేజీ చూపించింది. "ఇక్కడ చూడండి. గీత చెరువు మధ్యలోంచి వెళ్తోంది. ఎవరు తొక్కారండీ ఈ దారి?"

వ్లాస్తా చదివింది. "అడవి దాటాక ట్రాక్టరు జాడ వెంట తిన్నగా పోవాలి." మాటలు తనవే. కానీ ఆ మాటల ముందు ఇంకో వాక్యం ఉండాలి. తను రాసిన ఆ వాక్యం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నోరు తెరిచింది, కానీ ఇవెతా మోచేతినుంచి రక్తం కారుతోంది. ముందు నీళ్ళతో కడిగి గుడ్డ కట్టింది. ఎప్పటిలాగే ముందు ఆ పని ఉంది.

ఈలోగా సైకిలు సంఘం అధ్యక్షుడు కుబెష్ గారూ, ఓతకరూ కారులో వచ్చి దిగారు. ఓతకర్ పేజీ చూశాడు, తడిసినవాళ్ళను చూశాడు, ఆ తర్వాత పెళ్ళాన్ని చూశాడు. చూసి నవ్వాడు.

"ఇది మా ఆవిడ ఘనకార్యం కుబెష్ గారూ. తొక్కిందీ తనే, రాసిందీ తనే. ఆడవాళ్ళకి కుడీ ఎడమా తెలిస్తే నా జుట్టు ఇలా నెరిసేదా?"

కొందరు నవ్వారు. తడిసినవాళ్ళు కూడా కాస్త తేలికపడి రొట్టెలు అందుకున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆమె తొక్కిందని అతను నలుగురిలో చెప్పడం అదే మొదటిసారి. వ్లాస్తాకు ఏడుపు రాలేదు. కత్తి పక్కన పెట్టి, ఓక్ చెట్టుకు ఆనుకుంది.

ఇంటికొచ్చాక నాలుగో నోట్‌బుక్కు తీసి చూసింది. ఆ వాక్యం మీద ఎర్ర పెన్సిలు గీత ఉంది. వెనక్కి తిప్పితే ఇంకో గీత, ముందుకు తిప్పితే ఇంకోటి. హేలెనా పేరున్న ప్రతిచోటా. నోట్‌బుక్కు తీసుకెళ్ళి ఓతకర్ ముందు పెట్టింది.

"దారుల పుస్తకంలో మీ చెల్లెలి సంగతెందుకు వ్లాస్తా? చదివేవాళ్ళకి దారి కావాలి, మీ ఇంటి ఏడుపు కాదు."

"చెరువు ఎండిందన్న సంగతి ఆ వాక్యంలోనే ఉంది."

"నాకేం తెలుసు? పైనుంచి తీసిన ఫొటోలో పచ్చగా ఉంది, పొలమనుకున్నాను. ఆ ఏడాది తీసిన ఫొటో అయ్యుంటుంది." నోట్‌బుక్కు పక్కకు నెట్టి, "నువ్వైనా చెప్పొచ్చుగా" అన్నాడు.

చెప్పిన మాటను కొట్టేసి, చెప్పలేదని అడుగుతున్న మనిషి ముఖంలోకి ఆమె చాలాసేపు చూసింది. అందులో దొంగతనం లేదు, సిగ్గూ లేదు. అతనికి నిజంగానే గుర్తులేదు. అదే ఆమెకు అన్నిటికంటే దుఃఖం కలిగించింది. హేలెనా చనిపోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు కనీసం ఆ నోట్‌బుక్కుల్లోనైనా చెల్లెలు ఉంది.

కుబెష్ గారు సవరణ చీటీ అతికించమన్నారు. మిగిలిన నాలుగు వందల పుస్తకాలూ వంటింట్లో గోడకు చేరేసి ఉన్నాయి. సోమవారం ఓతకర్ వాటిని అంగళ్ళకూ, బీరు అంగళ్ళకూ ఇచ్చిరావాలి. చీటీలో ఏం రాయాలో అతనే చెప్పాడు: "సతీమణి రాతలో దొర్లిన పొరపాటుకు రచయిత చింతిస్తున్నాడు." టైపు చేసి, అచ్చు తీసి, కత్తిరించి, ఆదివారం సాయంత్రానికి అతికించమన్నాడు. కంప్యూటరు ముందు కూర్చోవడం ఎలాగూ ఆమె పనే.

ఆదివారం పొద్దున అతను చారులో రొట్టె ముంచుకుంటూ టీవీలో ఆట చూస్తుంటే, అచ్చు తీసిన కాగితం పట్టుకొచ్చి పక్కన నిలబడింది.

"ఒకసారి చదువుతావా?"

"చదవడానికేముంది, నేను చెప్పిందేగా. అతికించెయ్."

ఆమె ఇంకాసేపు నిలబడింది, అతను తల తిప్పుతాడేమోనని. తిప్పలేదు. వెళ్ళి వంటబల్ల మీద జిగురు డబ్బా తెరిచింది. నాలుగు వందల చీటీలు, ఒక్కొక్కటీ మొదటి పేజీలో, మా ఆవిడకు కృతజ్ఞతలు అన్న వాక్యం మీదే అతికించింది. మూలలు లేవకుండా బొటనవేలితో నొక్కింది. సాయంత్రానికి వేళ్ళు గట్టిపడ్డాయి.

సోమవారం పొద్దున ఓతకర్ పుస్తకాల పెట్టెలు ఒక్కొక్కటే మోసి కారులో పెట్టుకున్నాడు. రెండో భాగం పని మొదలెట్టాలి, మిగతా నోట్‌బుక్కులు తీసి బల్ల మీద ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు. ఏడు నోట్‌బుక్కులూ అప్పటికే హేలెనా సైకిలు సంచిలో ఉన్నాయి. కారు మలుపు తిరిగేదాకా చూసి, వ్లాస్తా ఆ ఎత్తయిన సీటు మీద ఎక్కి, మునివేళ్ళతో నేల తన్ని బయల్దేరింది.

మొదటి అంగడివాడు పెట్టె విప్పి, పై పుస్తకం తెరిచి, చీటీ పైకే చదివాడు:

"తొమ్మిదో దారిలో అడవి దాటాక గట్టు మీదుగా ఎడమకు తిరగండి. నీళ్ళు లేని ఏడాది, మా చెల్లెలు హేలెనా, నేనూ ఆ చెరువు అడుగునుంచి తొక్కాం. ఇందులోని పన్నెండు దారులూ మేమిద్దరం తొక్కినవే. వాటి గురించి ఏమైనా తెలుసుకోవాలంటే నన్నడగండి. వ్లాస్తా."