రాధామనోహరానికి కట్టిన చీర

అక్క పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊళ్లో వాళ్లు ఏమనుకున్నారో, అనుకోనీ. అరబ్బుల దేశంలో, అరాద్‌లోని ఈ ఇంట్లో ఇద్దరం కలిసే పనిచేసేవాళ్లం. వీరవేణి అక్కది వంట, మిగతా చాకిరీ నాది. అక్టోబరులో ఒక పొద్దున్న అక్క గుండె పట్టుకుని వంటింట్లో కూలబడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది. శవాన్ని విమానంలో ఊరికి పంపారు. తన ముసలి అత్తగారిని చూసే దిక్కు లేదని ఇంటి యజమానురాలు మేడమ్ నన్ను పంపలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఆ రోజు కూడా రొట్టెల పిండి కలిపాను.

అక్క సామానంతా శవంతోపాటే వెళ్లింది. దండెం మీద ఆరేసిన ఆకుపచ్చ నేత చీర ఒక్కటే ఉండిపోయింది. పోయినవాళ్ల బట్టలు మా వైపు ఇంట్లో ఉంచుకోరు, చాకలికి ఇచ్చేస్తారు. ఇక్కడ చాకలి ఎవరు, వాషింగ్ మిషనా? మడిచి నా మంచం కిందికి తోశాను.

ఇంకా అక్కది అంటూ మిగిలింది పెరట్లో పెయింటు డబ్బాలోని రాధామనోహరం తీగ. తెల్లగా పూసి ఎర్రబడే ఆ పూలంటే అక్కకు ప్రాణం. జనవరిలో సముద్రం మీంచి ఉత్తరపు గాలి మొదలయ్యేసరికి ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి. అక్కకు ఈ తీగ కొమ్మ ఇచ్చిన సోమరాజు కడియం నర్సరీల్లో పెరిగిన మనిషి, వారానికోసారి ఈ ఇంటి తోటపనికి వస్తాడు.

"చచ్చిపోలేదు చెల్లెమ్మా, నిద్దరోయిందంతే. ఈ చలి దానికి పడదు. గాలి తగలకుండా ఏదైనా గుడ్డ చుట్టు. నీళ్లు మాత్రం ఎక్కువ పొయ్యకు. ఇది పోతే నా దగ్గర ఇంకో కొమ్మ లేదు."

ఇంట్లో పాత గుడ్డలకు కరువేం లేదు. నా చెయ్యి మాత్రం మంచం కిందికే పోయింది. చీర తీగకు చుట్టబెట్టి కొంగు ముడేశాను. మా అమ్మ చూస్తే చీపురు తిరగేసేది. నాకేమీ అనిపించలేదు. దూరం నుంచి చూస్తే ఎవరో గోడవైపు తిరిగి నిలబడ్డట్టు ఉండేది. నాకది చాలు.

ఫిబ్రవరి చివర్లో చలి పోయింది.

"ఇంకా విప్పలేదేంటి? ఉక్కకి లోపల చిగుళ్లు కుళ్లిపోతాయి" అన్నాడు సోమరాజు.

"రేపు విప్పుతాలే అన్నయ్యా."

పై వారమూ అదే మాట అన్నాను. మొండిదాన్ని, నాకూ తెలుసు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే భయమేసి ముడి విప్పాను. చీర రాలేదు. లేత కొసలు గాలికి పడ్డ చిరుగుల్లోంచి బయటికి దూరి, మళ్లీ గుడ్డనే చుట్టుకున్నాయి. లాగితే చిగుళ్లు తెగుతాయి. అలాగే ఉంచితే తీగ మాడిపోతుంది.

వంటింట్లోంచి అక్క చేపలు బాగుచేసే కత్తెర తెచ్చాను. కొంగు దగ్గర మొదటి కోత పెట్టాను.

"కోసేస్తున్నానే అక్కా" అన్నాను పైకే.

అప్పుడొచ్చింది ఏడుపు. మేడమ్ కిటికీలోంచి పిలుస్తున్నా పలకలేదు. ఏడుస్తూనే చీరంతా ముక్కలుగా కోశాను, ఒక్క చిగురు కూడా తెగకుండా.