కోటూ బూటూ తొడిగిన మాట

ఆ ఇంట్లో కూరలు తరగడం తల్లి పని, మాటలు తరగడం కూతురి పని. కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. తండ్రి తన తమ్ముడి ఫర్నిచర్ షాపులో వార్నిష్ కొట్టి వచ్చి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, అన్నం ముందు కూర్చుని అడిగేవాడు.

"ఇవాళ ఏం తెచ్చావే?"

కూతురు పెద్ద ఇంగ్లీషు మాటొకటి పట్టుకొచ్చి, లోపలి గ్రీకు ముక్క, లాటిన్ ముక్క విడదీసి పెట్టేది. "సెస్క్విపెడేలియన్, నాన్నా. లాటిన్లో అడుగున్నర పొడవని. చాంతాడంత మాటని అలా అంటారు."

"అడుగున్నరా? టేపు తేవే, కొలుద్దాం!"

మాట విరిగితే చాలు, ఇక భయపడడానికేమీ ఉండదని ఆ పిల్ల నమ్మకం. ఇంట్లోవాళ్ళకీ అదే అంటించింది.

తర్వాత తండ్రికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయన్నారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ చేరింది. తల్లికి మాత్రం కారణం ఎప్పుడో తెలుసు. వార్నిష్ గదికి కిటికీ లేదు. గాలి లాగే ఫ్యాను పెట్టమని మరిదికి నోరు నొప్పి పుట్టేలా చెప్పింది. అతను వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఏళ్ళు దొర్లించాడు. "ఆ మనిషి నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు," అంది. తొక్కనివ్వలేదు కూడా. తండ్రి మాత్రం రోజూ అడిగేవాడు, గోడవైపు తిరిగి: "వాడు షాపు తీశాడా?"

ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు జబ్బు పేరుకి ముందు ఇంకో మాట తగిలించాడు. ఇంటికి రాగానే తల్లి చెప్పులైనా విప్పలేదు.

"ఇడియోపతిక్ అన్నాడు. విరువు."

ఈ మాట ఆ పిల్లకి ముందే తెలుసు.

"ఇడియోస్ అంటే సొంతం. పాథోస్ అంటే బాధ. దానంతటదే వచ్చిన జబ్బని. ఎందుకొచ్చిందో తెలియకపోతే అలా అంటారమ్మా."

"వార్నిష్ వల్ల కాదా?"

"అవుననీ చెప్పలేరట, కాదనీ చెప్పలేరట."

మంచం మీంచి తండ్రి నవ్వబోయి దగ్గాడు. "తెలియదు అనే నాలుగక్షరాలకి కోటూ బూటూ తొడిగారన్నమాట!" ఊపిరి కూడదీసుకుని, "అయితే వాణ్ణి పిలవండే," అన్నాడు.

తల్లి పొయ్యిగట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది. ఇన్నాళ్ళూ ఆ కోపాన్ని పట్టుకునే నిలబడింది; ఇప్పుడు దేన్ని పట్టుకోవాలి? చివరికి ఇటు తిరక్కుండానే అంది: "వెళ్ళి తీసుకురా."

షాపులో వార్నిష్ గదికి కొత్త ఫ్యాను బిగించి ఉంది, గిర్రున తిరుగుతోంది. ఆ కింద బాబాయి ఊరికే కూర్చున్నాడు. కూతురు డాక్టరు మాట చెప్పింది.

"అయితే తప్పు నాది కాదా?"

"తెలియదు బాబాయ్."

"అలా అనకే! నాదంటే వచ్చి వదిన కాళ్ళ మీద పడతాను. కాదంటే తలెత్తుకుని వస్తాను. తెలియదంటే ఏ మొహం పెట్టుకుని రానూ?"

ఏ గ్రీకు ముక్కా అక్కరకు రాలేదు. "ఏదో ఒక మొహంతో రా. నాన్న అడుగుతున్నాడు," అంది.

వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. తండ్రే అలవాటు కొద్దీ కూతుర్ని అడిగాడు: "ఇవాళ ఏం తెచ్చావే?"

"ఏమీ తేలేదు నాన్నా."

గదిలో ఉక్కగా ఉంది. బాబాయికి చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక కిటికీ గడియ మీద వేశాడు.

"ఇప్పుడా?" అంది తల్లి.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఒక్క మాటలో ఏళ్ళన్నీ ఉన్నాయి, దాన్ని విరవక్కర్లేదు.

"తీయనీవే," అన్నాడు తండ్రి. "గాలొస్తుంది."

కిటికీ రెక్కలు బిగుసుకుపోయాయి. బాబాయి ఒకటి లాగుతూ తంటాలు పడుతుంటే తల్లి వెళ్ళి రెండోది పట్టుకుంది. అతని మొహం మాత్రం చూడలేదు. కిటికీ తెరుచుకుంది. గాలి వచ్చింది. తండ్రికి అందినంత అందింది.