జయరామ్ బండి మూలుగు

నా పేరు రాజారత్నం. వడమాలపేట రోడ్డు పక్కన లారీల షెడ్డు నాది. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు, అబద్ధం కాదు. పని వచ్చినవాడి కోపం చెల్లుతుందని నా ధీమా. పోయిన మామిడికాయల కాలంలో మాత్రం జయరామ్ లారీకి నేను చేసిన రిపేరు అతని భార్య పంకజాక్షి ప్రాణం తీసుండేది. తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

కాయల లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు పాత ఇంజన్ ఏడుస్తోందని జయరామ్ చిత్తూరులో పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర పెద్ద ఇంజన్ కొన్నాడు. బిగించింది నేనే. బలమంటే బలం! అయితే మర్నాటి నుంచే ఫిర్యాదు. పొద్దున తాళం తిప్పితే మూలుగుతుందట, రెండు మూడు సార్లు ఏడిపించి గానీ లేవదట. షెడ్డుకు తెస్తేనేమో తాళం తాకగానే లేస్తుంది. బ్యాటరీలు మార్చాను, ఎర్త్ కేబులు కొత్తది వేశాను. అయినా అదే మాట.

"నీకు తాళం తిప్పేది తెలీదప్పా," అన్నాను విసుగుతో.

"నువ్వే ఇంటికాడికొచ్చి సూడన్నా. నా మాట అబద్ధమైతే అప్పుడు తిట్టు," అన్నాడు జయరామ్.

పన్నెండో రోజు పొద్దున ఇంజన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు పెద్దది ఒకటి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఏడు గంటలకల్లా కింద దూరి దాన్ని బిగించేశాను. ఇక ఏనుగునైనా తిప్పుతుందనుకున్నాను. జయరామ్ ఎక్కి కూర్చున్నాడు. పంకజాక్షి రెండు నిమ్మకాయలతో వచ్చి ముందు చక్రాల దగ్గర వంగింది. బండి కదిలే ముందు రోజూ ఆమె చేసే పనే అది. అంత ఎత్తు సీట్లో ఉన్నవాడికి కింద వంగిన మనిషి కనబడదు. ఆమె "ఊ" అనేదాకా ఆగాలి. జయరామ్‌కు ఆ ఓపిక ఏనాడూ లేదు, తాళం తిప్పేశాడు.

బండి మూలిగింది.

నేను చాలా మూలుగులు విన్నాను. ఇది అలాంటిది కాదు. పళ్లు బిగబట్టి బరువును వెనక్కి లాగుతున్న మనిషి గొంతులా ఉంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ ఒక్క గీత కూడా దిగలేదు. సెల్ఫ్ అంతగా కష్టపడితే కేబులు కాలాలి. పట్టుకుంటే బావి నీళ్లలా చల్లగా ఉంది. నాకు భయం వేసింది. భయం వేసినందుకు కోపమూ వచ్చింది.

"నీడ పడతా ఉండాది, పక్కకు రామ్మా," అని పంకజాక్షిని కసిరాను. ఆమె రెండో నిమ్మకాయ పెట్టేసి, చెంగు సర్దుకుంటూ నా పక్కకు వచ్చింది. "ఇప్పుడు తిప్పప్పా!" అని అరిచాను.

లారీ ఎగిరి దూకింది. నిమ్మకాయల మీదుగా పోయి ఎదురు గోడకు గుద్దుకుని ఆగిపోయింది.

జయరామ్ దిగలేక దిగాడు. "గేరులో ఉండాదన్నా," అన్నాడు. ఈమధ్య హ్యాండ్ బ్రేకు సరిగా పట్టడం లేదని రోజూ ఫస్ట్ గేరులో నిలిపి వెళ్లడం, పొద్దున ఆ సంగతి మరిచి క్లచ్ తొక్కకుండా తాళం తిప్పడం అతని అలవాటట. మూలిగి మూలిగి లేవకపోతే అప్పుడు క్లచ్ తొక్కేవాడట. అంటే ఆ పన్నెండు రోజులూ బండి దూకాల్సిందే. పంకజాక్షి రోజూ దాని ముందే వంగేది.

అక్కడి నుంచే చిత్తూరుకు ఫోను చేశాను. ఆ ఇంజన్ ఎక్కడిదని అడిగితే అమ్మినవాడు కాసేపు నసిగాడు.

"దాని డ్రైవరు పెండ్లాము నిమ్మకాయలు పెడతా ఉండిందంటన్నా. ఆయప్ప గేరు సూసుకోకుండా తాళం తిప్పినాడంట. బండి ఆయమ్మ మింద ఎక్కేసింది."

ఫోను స్పీకరులో ఉంది. జయరామ్ మట్టిలో చతికిలబడి ఏడ్చాడు. పంకజాక్షి లారీ దగ్గరికి వెళ్లి ఇంజన్ మీద చేయి పెట్టింది. "ఆయమ్మకు పక్కకు పొమ్మని ఎవురూ సెప్పలేదు కదన్నా," అంది.

మర్నాడు జయరామ్ ఆమెను వంగనివ్వలేదు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, నిమ్మకాయలు తాను తీసుకున్నాడు. గేరు న్యూట్రల్‌లో ఉందని నేను రెండుసార్లు చూసి దిగాను. జయరామ్ చక్రం ముందు వంగి, "ఇప్పుడు తిప్పు సూద్దాం, నాకూ మూలుగుతాదేమో," అన్నాడు.

పంకజాక్షి తాళం తాకిందో లేదో, ఇంజన్ ఒక్కసారిగా లేచింది. జయరామ్ కోసం ఒక్క మూలుగైనా లేదు.