దిగుడుబావిలో పురిటిల్లు

ముందు వాసన వస్తుంది. ఘాటుగా, ముక్కు పట్టేసేలా.

తరువాత గాలి — లోపలి నుంచి, వెచ్చగా, మొహం మీదికి.

ఆ తరువాత గబ్బిలాలు.

బేర్ సరాయ్ దాటి తుమ్మపొదల్లోకి నడిస్తే పాత దిగుడుబావి. నీళ్లెప్పుడో ఎండిపోయాయి. అడుగున రాతి గది, దాని వెనక సొరంగం. గుహల్లో బతికే ప్రాణులకు ఈ రాజధాని ఊళ్లో గుహలెక్కడివి? ఏ పాదుషా తవ్వించాడో... ఆ సొరంగమే వాటికి గుహ.

సరళకుమారికి ఆ చీకటి తెలుసు. యూనివర్సిటీలో ఆమె పరిశోధన గబ్బిలాల మీదే. గుమ్మం దగ్గర పొడుగు తోకలవి. పగుళ్లలో బొద్దుగా ఉండేవి. బాగా లోపల, వేడి ఆరని మూలలో, ముక్కు మీద ఆకులాంటి మడత ఉన్నవి. దేని చోటు దానిదే. బేర్ సరాయ్ విద్యార్థుల అద్దె గదుల్లో కూడా ఇంత సర్దుబాటు లేదు.

ఎనభై రెండు, జూన్ నెల. ఏషియాడ్ ఆటల పండగ వస్తోంది. ఊరంతా సున్నాలు, రంగులు.

గబ్బిలాలు మళ్లీ చేరకుండా సొరంగం మూయడానికి దిగుడుబావికి ఇనప వల వచ్చింది.

వల వేయించే ఇంజనీరు రామమూర్తి గారు. తెనాలి మనిషి, సరోజినీ నగర్ క్వార్టర్లో కాపురం. చెడ్డవారు కాదు. చిక్కంతా అక్కడే.

"ఒక్కటి కూడా చావదమ్మా. సాయంత్రం అన్నీ ఎగిరిపోయాకే మూయిస్తా. ఠీక్ హై?"

ఎంత దయ! సరళకు ఒళ్లు మండింది.

అన్నీ ఎగిరిపోయాయి. పనివాళ్లు వల చుట్ట విప్పబోయారు. సరళ వెళ్లి సొరంగం గుమ్మంలో కూర్చుంది.

"లేమ్మా. లోపల ఇంకేముందనీ?"

"వినండి అంకుల్."

"రుకో భయ్యా" అని పనివాళ్లను ఆపి, ఆయన లోపలికి వంగారు.

చీకట్లో సన్నగా... ఆగకుండా... గోడ నిండా కీచుకీచులు. ఒంటి మీద నూగైనా రాని పిల్లలు. తల్లులు మేతకు పోతూ వదిలి వెళ్లినవి.

"ఇది పురిటిల్లండీ. వల పడితే తల్లి లోపలికి రాలేదు, పిల్ల బయటికి పోలేదు. రెక్కలొచ్చేదాకా ఆగండి."

రామమూర్తి గారు మెల్లగా వెనక్కి జరిగారు. ఆయన కూతురు గౌరి పురిటికే వచ్చి ఉంది ఇంట్లో.

"శనివారం పెద్దాఫీసర్లు వస్తున్నారమ్మా. నా ఉద్యోగం సంగతేంటి?"

"నేనిక్కణ్ణుంచి లేవనండీ."

"రేపొస్తా" అన్నారాయన, ఎటో చూస్తూ. వచ్చి ఏం చేస్తారో చెప్పలేదు. పనివాళ్లూ వెళ్లిపోయారు. వల చుట్ట మెట్ల మీదే ఉంది.

సరళకు భయం వేసింది. అయినా కదలలేదు. రేపూ కూర్చుంటుంది. ఎల్లుండీ కూర్చుంటుంది. రెక్కలొచ్చేదాకా —

చీకటి పడింది.

ముందు వాసన.

తరువాత గాలి — ఈసారి బయటి నుంచి, ఆమె జుట్టును రాసుకుంటూ, లోపలికి.

తల్లులు వస్తున్నాయి.