మీఠూ

"ఉప్మా ఏంది, గింత ఉప్పగుంది?" ఉమాకాంత్ లుంగీ మీద టై బిగించుకుంటూ అరిచాడు.

"మీఠూ జర ఎక్కువ పడ్డట్టుంది."

"తీపి యాడుంది దీంట్ల? నీ గుజరాతీ గోల నాకొద్దు. పదకొండింటికి వెబినార్!"

సుమన మూకుడు తోముతూనే ఉంది. అతనికి ఆమె ఇచ్చిన ఆఖరి అవకాశం అదే. పోగొట్టుకున్నాడు.

లాక్‌డౌన్‌తో ల్యాబు మూతపడింది. అంతకుముందు రెండేళ్లు అక్కడ ఎలుక మెదడు పొరల్ని సిద్ధం చేసి, ఒక్కో గొట్టంలో ఒక్కో లవణం కలిపి కొలిచింది ఆమె ఒక్కతే. మెదడు ఉద్రేకాన్ని అణిచే గ్రాహకానికి నిద్రమందు అణువు ఎంత గట్టిగా అతుక్కుంటుందో తేల్చేది చుట్టూ ఉన్న ఋణ అయాన్. గ్రాహకపు సన్నటి దారిలో దూరగల క్లోరైడ్ అతుకును పెంచుతుంది. దూరలేని సల్ఫేట్ పెంచదు. అదే పరిశోధనలో చేరిన మొగుడు ల్యాబుకు వచ్చేది హాజరు సంతకానికే.

నిన్న ఆమె నోటుబుక్కు చూసి అతను తయారుచేసిన స్లైడ్లలో ఆమె పేరు లేదు. అడిగింది.

"మొగడు పెండ్లాల పేర్లు రెండూ ఎందుకు? అందరు నవ్వుతరు."

అత్త బుచ్చవ్వ వెల్లుల్లి ఒలుస్తూ తీర్పిచ్చేసింది. "ఇంటిపేరు ఒక్కటే గదనే. ఎవలు చెప్తే ఏంది?"

సుమన రెండో స్లైడ్ చూసింది. 'చక్కెరతో అతుకు పెరిగింది, సల్ఫేట్‌తో పెరగలేదు.' నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

ఆమె సూరత్‌లోని ఉధ్నాలో గుజరాతీ బడిలో చదివింది. తండ్రి ఆ పక్కనే సచిన్ అనే ఊళ్లో రంగుల కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడ సోడియం క్లోరైడ్ బస్తాను మీఠూ అనే పిలుస్తారు. గుజరాతీలో ఉప్పు పేరు అదే. నోటుబుక్కులోనూ చేయి అలవాటుగా అదే రాసింది. పెళ్లయ్యాక సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన ఉమాకాంత్‌కు హిందీ దంచడం వచ్చు. గుజరాతీ అక్షరాలు బస్సు బోర్డుల మేరకే. మీఠూ అంటే హిందీ మీఠా, తీపి అనుకున్నాడు.

వెబినార్ మొదలైంది. వంటగదిలోకి అతని గొంతు ఠీవిగా వినిపిస్తోంది. వెబినార్ నడుపుతున్న హంసాబెన్ ఆపింది.

"చక్కెరా? ఏదీ, నోట్స్ చూపించండి."

అతను పేజీని గర్వంగా కెమెరా ముందు పెట్టాడు. ఆమె పకపకా నవ్వింది.

"ఉమాకాంత్ భాయ్, ఇది ఉప్పు! మా వంటింట్లోనూ ఉంది. ఎవరిదీ చేతిరాత?"

మ్యూట్ పడింది. "సుమనా! జర జల్ది రావే! మీఠూ అంటే ఏందే?"

ఆమె మిగిలిన రెండు గిన్నెలూ తీరిగ్గా తోమింది. చేతులు తుడుచుకుంది. ముందు గదిలోకి వచ్చేసరికి టై మీద చెమట కారుతోంది. అతను నోటుబుక్కు ఆమె వైపు తోసి గుసగుసలాడాడు. "నా చెవుల చెప్పు, నేను చెప్త."

"జరుగున్రి."

అతను జరిగాడు. సుమన కుర్చీలో కూర్చుని మ్యూట్ తీసింది.

"నమస్తే మేడమ్. ఆ చేతిరాత నాది. పేరు రాసుకోండి, తర్వాత మొదటి స్లైడ్ నుంచి చెబుతాను."