కెమెరాకు బొట్టు

బాబూరావు ఆన్‌లైన్ దుకాణంలో కంప్యూటర్‌కు గాలి సోకిందని పక్క కిరాణాకొట్టు అన్నపూర్ణమ్మ దోర్నపాల్ బజారంతా చెప్పిందట. జగదల్‌పూర్ నుంచి కోడలు బిందు దానికి చేసిన కాల్ ఇంకా మోగుతూనే ఉందట, ఎత్తనే లేదట. అత్త తిట్టిన తిట్లన్నీ మాత్రం అవతల కోడలు పొల్లుపోకుండా విన్నదట. దిష్టి తగలకుండా తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి కెమెరా మీద అంటించి మరీ పోయింది ఆవిడ.

బాబూరావు నవ్వుకున్నాడు. కాల్స్‌లో లోపం ఉంది, సరిచేయమంటారా అని కంప్యూటర్ తెర మీద మళ్ళీ అడిగింది. సంతరోజు. ఈ నెట్టుకు ఆ అప్‌డేట్ దిగేసరికి పొద్దు గూకుతుంది. రోజూలాగే ‘తర్వాత’ నొక్కి, వీపు వెనక గోనెపట్టా సర్దుకున్నాడు.

పేరుకు ఫారాలు నింపేవాడే గాని, జీవితమంతా అతను చేసింది చెడ్డకబురు మెత్తబరచడమే. మిరప కోతకు తెలంగాణ పోయినవాళ్ళు సంతనాడు ఈ కంప్యూటర్‌కే వీడియో కాల్ చేస్తారు. చావు ఫోన్లో చెప్పరు, జ్వరమని పిలిపిస్తారు. సొంత భార్య పోయిననాడు కొడుక్కీ అతను జ్వరమనే చెప్పాడు.

నందే వచ్చింది. కాళ్ళకు బురద, తలకు దువ్వెన లేదు. మిరప కోతకు పోయిన తమ్ముడు హుంగా భార్య హుంగే తెల్లారుజామున కాన్పులో పోయింది.

“నాకు ఏడుపొస్తది, నువ్వే చెప్పు సారూ. పోయినేడు మా పెద్ద తమ్మునికి చావుకబురు ఫోన్లనే చెప్తే చేన్ల పురుగుమందు తాగిండు. వీడన్న దక్కాలె.”

కంప్యూటర్ మోగింది. తెర మీద హుంగా పేరు. బొట్టు కింద, కెమెరా నడుస్తోందని చెప్పే పచ్చదీపం వెలిగితే వెలిగింది, ఎవరికి కనబడుతుంది? నందే అతని మణికట్టు పట్టుకుంది.

“ఎత్తకు, ఆగు. సచ్చిందని నోరు జారేవు.”

“జ్వరమనే చెప్తాలే. మరి బిడ్డ?”

“బిడ్డ గూడ లేదు.”

అప్పుడు ఎత్తాడు. ఫోన్ గట్టుకు ఆనించినట్టున్నాడు హుంగా. వెనక మిరపచేను, పురుగుమందు డబ్బాలు. బాబూరావు గొంతు సవరించుకుని, హుంగేకు కాస్త జ్వరమనీ, కంగారేం లేదనీ, బస్సెక్కమనీ నింపాదిగా చెప్పాడు.

హుంగా రెప్ప వేయలేదు. భుజం మీది తువ్వాల తీసి, మడిచి, ఒక డబ్బా మీద పెట్టాడు.

“ఫోన్ మోగుతుండంగనే అంతా ఇనబడ్డది సారూ. బిడ్డ గూడ లేదంటిరి. ఎవరి కోసం రావాలె?”

హుంగా తెరలోంచి పక్కకు నడిచాడు. డబ్బా మీద తువ్వాల అలాగే ఉంది.