నూట నలభై నుంచి నూట నలభై ఎనిమిది

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయిందంటే మా సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఆడవాళ్లు రెండోసారి గుడ్డ పట్టుకుంటారు. టీవీ మీద, ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా మూత మీద సన్నటి నల్లపొడి. నాకు వీటితో పాటు నాణేలు కూడా ఉన్నాయి. వాటిని తడిగుడ్డతో తుడవకూడదు, చింతపండుతో తోమకూడదు. అంచులు పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులిపి మళ్లీ కాగితం పొట్లంలో పెట్టాలి. ఇంట్లో గిన్నెలకు లేని మర్యాద వీటికి ఉంది. మా ఆయన భూపాల్ దగ్గర మూడు వందల పన్నెండు పాత నాణేలున్నాయని కాలనీలో అందరికీ తెలుసు. నాణేలు ఆయనవి, వాటి పని నాది.

భూపాల్ గనిలో ఫిట్టర్. మొదట్లో జాబితా ఆయనే రాసుకున్నాడు. ఆయనకు పెళ్లయినా, పిల్ల పుట్టినా, ఏదైనా షిఫ్టుతోనే జ్ఞాపకం. అందుకని నాణేలను కూడా షిఫ్టుల వారీగా పెట్టాడు. ఫస్టు షిఫ్టులో ఉన్న వారం దొరికినవి ఒక డబ్బా, సెకండు షిఫ్టువి ఒకటి, నైట్ షిఫ్టువి ఇంకొకటి. నిజాం కాలపు రాగి బిళ్ల పక్కనే మొన్నటి రెండు రూపాయల బిళ్ల పడుకుని ఉండేది. ఒక ఆదివారం చార్మినార్ బొమ్మ ఉన్న నాణెం కోసం మూడు డబ్బాలూ మంచం మీద బోర్లించి, "ఏ షిఫ్టుల దొరికిందో యాదికొస్తలేదే" అని తల పట్టుకున్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

"నవ్వుడు కాదు. నువ్వు చెయ్యి సూద్దాం" అన్నాడు.

చేశాను. పదకొండేళ్లుగా చేస్తూనే ఉన్నాను. వాడని డైరీ ఒకటి తీసుకుని గడులు గీశాను. వరుస నంబరు, సంవత్సరం, లోహం, బరువు, స్థితి, ఏ పెట్టెలో ఎన్నో వరుస, ఎవరి నుంచి వచ్చింది. సంవత్సరం కింద చుక్క ఉందో నక్షత్రం ఉందో చూస్తే అది ఏ టంకశాలదో తెలుస్తుందని, నంబరు నాణెం మీద కాకుండా పొట్లం మీద, అదీ పెన్సిలుతోనే వేయాలని, అన్నం ఉడికే లోపల ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ఆరునెలలకోసారి పుస్తకం ఒక చేత్తో, పెట్టె ఒక చేత్తో పట్టుకుని అన్నీ సరిచూస్తాను. మా అత్త పూలమ్మ బతికి ఉన్నన్నాళ్లూ అది చూసి, "మగోని షోకు గది. ఆడిది చెయ్యకపోతె ఎవలు చేస్తరు" అనేది. ఆమె అన్నదాంట్లో కోపమేమీ ఉండేది కాదు, పొద్దున లేచి వాకిలి ఊడ్వాలని చెప్పినట్టే చెప్పేది.

పది రోజుల కింద భూపాల్ గట్టి అట్టల కొత్త రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. వచ్చే నెల గోదావరిఖనిలో నాణేల ప్రదర్శన ఉందట. ఆయన స్నేహితుడు రఘుపతి చూసుకుంటున్నాడట.

"అన్ని దీంట్ల మంచిగ ఎక్కియ్యి. 'ఎవరి నుంచి' గడి వద్దు, గదెవలు సూస్తరు. పైన నా పేరు పెద్దగ రాయి."

రోజుకు నలభై చొప్పున ఎక్కించాను. నాలుగో రోజు నూట నలభై దగ్గరికొచ్చాను.

నూట నలభై నుంచి నూట నలభై ఎనిమిది వరకు తొమ్మిది వెండి రూపాయలు. అవి నన్ను కన్న అవ్వ ఐలవ్వ మెడలోవి. కాసిపేటలో అవ్వ పోయిన పదకొండోనాడు, తల్లి ఒంటిమీది సొమ్ము బిడ్డకే చెందుతుందని మా అన్నలు ఆ దండను నా చేతిలో పెట్టారు. నల్లదారానికి గుచ్చిన తొమ్మిది రూపాయలు, ఒక్కోదానికి ఒక్కో చిన్న కొండి. ఇంటికి రాగానే భూపాల్, "ఇటియ్యి, సూసి ఇస్త" అన్నాడు. మర్నాడు కంసాలి దగ్గరికి తీసుకుపోయి కొండీలన్నీ కోయించి, అంచులు నున్నగా అరగదీయించి తెచ్చాడు. కొండి ఉంటే అది నగ అట, నాణెం కాదట. ఒక వైపు రాజు ముఖం పూర్తిగా అరిగిపోయి ఉంది. నలభై ఏళ్లు మా అవ్వ నాట్లేస్తుంటే, రొట్టెలు చేస్తుంటే, పిల్లలకు పాలిస్తుంటే ఆమె ఎదకు రాసుకున్న వైపు అది.

"మీ అవ్వ మెడలేసుకొని రాజు మొఖం ఖరాబ్ చేసింది" అన్నాడు భూపాల్, భూతద్దంలో చూస్తూ. తర్వాత నన్ను పుస్తకం తియ్యమన్నాడు. ఎవరి నుంచి అన్న గడిలో ఏం రాయాలని అడిగాను. "సొంతం అని రాయి" అన్నాడు. రాశాను. తొమ్మిదిసార్లు రాశాను. అంతకుముందు అక్షరాలకంటే అవేమీ వంకరగా లేవు. ఎవరో బలవంతాన రాయించారని చెప్పుకోవడానికి కూడా నాకు ఆధారం లేదు.

కొత్త రిజిస్టరు పూర్తయిన మర్నాడు పొద్దున రఘుపతి వచ్చాడు. చాయ్ పెట్టి ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ, "భూపాలన్నా, ఎంత సాఫుగ రాసినవే! నీ ఓపికకు దండం" అన్నాడు.

"ఏదో గట్ల, డ్యూటీ దిగినంక జరంత సేపు" అన్నాడు భూపాల్.

"వదినె, చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు రఘుపతి నాతో. తర్వాత వెండి రూపాయల పెట్టె దగ్గరికి జరుపుకుని, "ఇవెక్కడియన్నా? మంచి పాతయి" అన్నాడు.

"మా ఇంటియే. మా తాతల నాటియి."

నేను ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. నేనున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ నావైపు చూడలేదంటే ఏదో దాచాలని కాదు, అందులో దాచేదేముందో ఆయనకు తోచలేదు. నాకు కోపం వచ్చింది. దాన్ని ఇంకేదో పేరుతో పిలవను. అది ఆయన మీద ఎంత వచ్చిందో, తొమ్మిదిసార్లు నిమ్మళంగా రాసిన నా చేతి మీదా అంతే వచ్చింది.

రఘుపతి వెళ్లిపోయాడు. రెండు కప్పులూ కడిగి బోర్లించాను. చేతులు ఆరేదాకా ఆగి పెట్టె తెరిచి, తొమ్మిది పొట్లాలు విప్పి, రూపాయలను కొంగున ముడేసుకున్నాను. తర్వాత రిజిస్టరు ముందు కూర్చున్నాను. జాబితాకు ఒక పద్ధతి ఉంది. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇంకో నాణేనికి ఇవ్వకూడదు. నాణెం బయటికి పోతే వరుసను చెరిపేయకూడదు, చించకూడదు. చదవడానికి వీలుగా ఒకే ఒక గీత కొట్టి, చివర ఖాళీగా వదిలిన గడిలో కారణం రాయాలి. స్కేలు పెట్టి తొమ్మిది గీతలు కొట్టాను.

భూపాల్ వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏం చేస్తున్నవే?"

"మా అవ్వయి తీసిన."

"ఇప్పుడు కాదన్నదెవలు? ఇంట్లనే ఉన్నయి గద."

"మీ తాతలయి అన్నవు గద."

"మాటవరసకన్న. దానికి గింత రాద్ధాంతమా?"

"నువ్వు మాటవరసకే అన్నవు. నేను తొమ్మిదేండ్ల కింద చేతులారా రాసిన. దాన్ని దిద్దుకుంటున్న."

ఆయన కాసేపు గీతల వంకే చూశాడు. నా కొంగు ముడి వంక చూశాడు. చెయ్యి చాపుతాడేమో అనుకున్నాను. చాపలేదు. ఆయన ఫికరంతా ప్రదర్శన గురించే.

"రఘుపతి సూసిండు. నంబర్లు గిట్ల తప్పితె నలుగుట్ల ఏం జెప్పాలె? రాయి, పోయినయి అని రాయి."

కారణం గడిలో 'దొరికాయి' అని రాసి, కింద నా పేరు, అనసూర్య అని సంతకం చేశాను.